ఎడమకు జారే సొరంగం

హెడ్‌సెట్ పనిచేయదని పోలీసులు తేల్చేశారు. పంచనామా రాసి, కింద ఇద్దరు సాక్షుల చేత సంతకాలు కూడా పెట్టించారు. శ్రీధర్ బతుకుతాడో లేదో మాత్రం డాక్టర్లు ఇంకా తేల్చలేదు. తల వెనక దెబ్బతో మూడు రోజులుగా ఖమ్మం ఆసుపత్రిలో కళ్లు మూసుకుని పడి ఉన్నాడు. ఎవరో అతని కథకు ఫుల్‌స్టాప్ పెట్టబోయారు. చేయి తడబడి అది కోమా దగ్గర ఆగింది.

ప్రైవేటు డిటెక్టివ్ తుల్సీరాం ఒకప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీకి క్లెయిములు తనిఖీ చేసేవాడు. చచ్చారని రాసినవాళ్లు నిజంగా చచ్చారా అని చూడడం అప్పట్లో అతని ఉద్యోగం. ఇప్పుడు, 2008లో, చచ్చిందని రాసిన యంత్రం నిజంగా చచ్చిందా అని చూడడానికి ఇల్లందు శివారులోని పాతాళ ట్రైనింగ్ సెంటర్‌కు వచ్చాడు.

గుమ్మంలో సి.ఐ. రూప్‌సింగ్ అడ్డంగా నిలబడి ఉన్నాడు. మనిషి వెడల్పు, గుమ్మం వెడల్పు ఇంచుమించు ఒకటే కావడంతో వేరే తలుపు అవసరం కనబడలేదు.

"వచ్చినవా బావా? నువ్వు రాకుంటే గీడ ఏం తక్కువైతదో అని చూస్తున్న."

"నీ తప్పులు లెక్కపెట్టే మనిషి తక్కువైతడు బావా."

రూప్‌సింగ్ తుల్సీరాం చెల్లెలి భర్త. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. ఎవరు పెద్దో తేలేదాకా ఇద్దరికీ అదే సౌకర్యంగా ఉంది.

"నీ చెల్లె మొఖం చూసి రానిస్తున్న" అన్నాడు రూప్‌సింగ్ పక్కకు జరుగుతూ. "నాలుగింటికి జీపు కదుల్తది. ఎబినేజర్‌ను ఖమ్మం తీస్కపోయి కోర్టుల పెడ్త. రిమాండ్ అయినంక నువ్వెంత డిమాండ్ చేసినా నడవది. ఏందో జల్దీ చూస్కో."

తుల్సీరాం గడియారం చూసుకున్నాడు. మూడు దాటింది. అతన్ని ఈ కేసుకు పెట్టుకున్నది సెంటర్‌లో హెడ్‌సెట్ పాఠాలు నడిపే ఎబినేజర్ చెల్లెలు స్తుతి. శ్రీధర్ ఉన్న ఆసుపత్రిలోనే నర్సు. అన్న కొట్టాడంటున్న మనిషికి చెల్లెలు సెలైన్ ఎక్కిస్తోంది. 'మా అన్న కొట్టలేదన్నా, నువ్వొకసారి పోయి చూడు' అని పొద్దున ఫోన్‌లో ఏడ్చింది.

సెంటర్ అంటే ఒకదాని వెనక ఒకటి రెండు గదులు. ముందుది కంప్యూటర్ గది, లోపలిది సెంటర్ పెట్టిన శ్రీధర్ గది. లోపలి గదికి దారి ముందు గదిలోంచే. రెంటికీ కిటికీలు లేవు. ఉన్న విండోస్ అన్నీ కంప్యూటర్‌లోనే. ముందు గది మధ్యలో ఎత్తు వీపుకు మెత్త కట్టిన చెక్క కుర్చీ, కదలకుండా నేలకు బిగించి ఉంది. దాని ముందు టేబుల్, టేబుల్ మీద బండరాయంత మానిటర్, కింద సీపీయూ డబ్బా. కుర్చీ చేతిమీద హెడ్‌సెట్ వేలాడుతోంది.

చూడడానికి అది ఒళ్లు చేసిన నల్లకళ్లజోడు. తలకు తగిలించుకుంటే కళ్ల ముందు బొగ్గుగని సొరంగం కనబడుతుంది. తల ఎటు తిప్పితే సొరంగంలో అటువైపు కనబడుతుంది. చెవుల్లో గని చప్పుళ్లు వినబడతాయి. గనుల్లో, క్వారీల్లో పనికి చేరేవాళ్లకు ప్రమాదాలు ముందే చూపించి జాగ్రత్తలు నేర్పడానికి శ్రీధర్ దాన్ని బయటి దేశం నుంచి తెప్పించాడు.

"సింపుల్ కేసు బావా" అన్నాడు రూప్‌సింగ్. "శ్రీధర్ రూములకు పోవాలంటే గీ రూం దాటాలె. ఇంకో తొవ్వ లేదు. గీ కుర్చీల ఎబినేజర్ కూసున్నడు. ఎవడు పోయినా వీని మోకాళ్లు రాస్కుంటనే పోవాలె. అయినా నేనెవర్ని చూడలేదంటడు. ఎందుకురా అంటే, మిషన్ నెత్తికి పెట్టుకున్న, కనపడలే, వినపడలే అంటడు. మేం మిషన్ పెట్టి చూసినం. అంతా నల్లగ, అమాస లెక్క ఉంది. అంటే వీడు చెప్పింది అబద్ధం. అబద్ధం చెప్పిండంటే కొట్టింది వీడే."

సి.ఐ. అన్న మాటలో సీ ఉంది, ఐ ఉంది. రెంటికీ చూడడంతోనే పని. రూప్‌సింగ్‌కు ఆ రెండూ హోదాలో ఇచ్చారు, వాడకం ఆయనకే వదిలేశారు.

"కొట్టడానికి కారణం?"

"ముందురోజు లొల్లి పెట్టుకున్నరు. సెంటర్ బంద్ చేస్త, హెడ్‌సెట్ వాపస్ పంపుత అన్నడట శ్రీధర్. వీని నౌకరి పోతది కదా."

"కొట్టింది దేనితోని?"

"గుండ్రటి ఇనుప కడ్డీ లాంటిదని డాక్టర్ చెప్పిండు. అడవిల పారేసిండు. వెతుకుతున్నం."

"మూడు రోజులసందా?"

"అడవి పెద్దది బావా."

"నీ నమ్మకం గూడ పెద్దదే. శ్రీధర్‌ను ఆసుపత్రికి ఎవరు తీస్కపోయిండ్రు?"

రూప్‌సింగ్ గొంతులో మొదటిసారి మెత్తదనం వచ్చింది. "కిషన్‌లాల్. సెంటర్‌ల శ్రీధర్‌కు పార్ట్‌నర్, ములకలపల్లి దిక్కు రాళ్ల క్వారీ ఉంది. ఎబినేజర్ లోపట చూసి మొత్తుకుంటుంటే, అప్పుడే క్వారీకెళ్లి వచ్చి బండి దిగిండట. తన బండిలనే ఏస్కపోయిండు. మూడు రోజులసంది ఆ మంచం ఇడువలే. బావా, సొంత తమ్ముడు గూడ గట్ల చేయడు. అందుకే ఆడ కాపలా పెట్టిన కానిస్టేబుల్‌ను వాపస్ పిలిచిన. దొంగ దొరికినంక కాపలా దేనికి?"

తుల్సీరాం గోడవారగా బెంచీ మీద బేడీలతో కూర్చున్న ఎబినేజర్ పక్కకు వెళ్లి కూర్చున్నాడు. ఎబినేజర్‌కు పాతికేళ్లుంటాయి. మూడు రోజుల గడ్డం, ఎర్రటి కళ్లు. చొక్కా మాత్రం ఇన్‌షర్ట్ చేసే ఉంది.

"తమ్మీ, బయట నువ్వేం చూడలేదో పోలీసులు రాసుకున్నరు. లోపట ఏం చూసినవో నాకు చెప్పు."

"లోపటంటే?"

"హెడ్‌సెట్‌ల."

ఎబినేజర్ తలెత్తాడు. ఆ ప్రశ్న ఇప్పటిదాకా ఎవరూ అడిగినట్టు లేదు.

"సొరంగం సార్. రెండో పాఠం. మనం ట్రాలీల కూసున్నట్టుంటది. పట్టాల మీద పోతుంటే కప్పు కూలే చోటు ముందే కనిపెట్టాలె. తెల్లారి ఆఫీసర్లు సెంటర్ తనిఖీకి వస్తున్నరు, పాఠం ఆగకుండ నడవాలె అని శ్రీధర్ సార్ చెప్పిండు. అందుకే మొత్తం చూస్తున్న."

"మధ్యల ఎవరన్న వచ్చినట్టు అనిపిస్తే తీసి చూడొచ్చు కదా?"

"తీస్తే పాఠం మొదటికొస్తది సార్. చెవులల్ల ట్రాలీ చప్పుడు. మనిషి పోయినా తెల్వదు, ఏనుగు పోయినా తెల్వదు."

"ఇంకేం జరిగింది?"

ఎబినేజర్ రూప్‌సింగ్ వైపు చూసి మాట మింగేశాడు.

"చెప్పరా, చెప్పు" అన్నాడు రూప్‌సింగ్. "దేవుడు సొరంగంలకు దిగిండని బావకు గూడ చెప్పు. జర నవ్వుకుంటడు."

"నవ్వను, చెప్పు" అన్నాడు తుల్సీరాం.

"నెలరోజులసంది సొరంగం ఎడమకు జారుతుంది సార్. హెడ్‌సెట్ తెచ్చిన కొత్తల, ఇదే ముందు, ఇదే సూటి అని ఒకసారి దానికి చూపించి సెట్ చేసిన. అప్పుడు మంచిగనే ఉండె. తర్వాత ఏమైందో తెల్వదు. సూటిగ చూస్తే గోడ కనపడ్తది. మెడ కుడికి తిప్పి పట్టుకుంటేనే పట్టాలు కనపడ్తయ్. కూసున్నోళ్లకు కండ్లు తిరిగి వాంతులు. తనిఖీల పరువు పోతదని ఆ రోజు ప్రార్థన చేసి కూసున్న." ఎబినేజర్ గొంతు తగ్గించాడు. "పాఠం సగంల ఉండంగ, ఎవరో గుంజినట్టు సొరంగం కుడికి కొట్టుకుని సూటిగైంది సార్. ఆఖరిదాకా మల్ల జారలే. దేవుడు బాగుచేసిండనుకున్న. ఆ సంతోషంల చెప్తామని శ్రీధర్ సార్ రూముకు ఉరికిన. అప్పటికే సార్ కింద పడి ఉన్నడు."

రూప్‌సింగ్ నవ్వాడు. తుల్సీరాం నవ్వలేదు. లేచి వెళ్లి హెడ్‌సెట్ వైరు పట్టుకున్నాడు.

"బావా, ఈ డబ్బాను స్టేషన్‌కు తీస్కపోయిండ్రా?"

"సీజ్ చేసి తీస్కపోయినం. పంచనామాకు మల్ల తెచ్చి పెట్టినం."

"వైర్లు ఎవరు కలిపిండ్రు?"

మూలన నిలబడ్డ కానిస్టేబుల్ లాలు సెల్యూట్ కొట్టాడు. అది మర్యాదా, ఒప్పుకోలా అన్నది స్పష్టంగా తెలియలేదు.

తుల్సీరాం మోకాళ్ల మీద కూర్చుని సీపీయూను తిప్పాడు. ఇన్నేళ్లలో చాలా కేసుల లోతు చూశాడు కానీ, కేసు వెనకవైపు చూడడం ఇదే మొదలు.

"ఎబినేజర్, నువ్వు చెప్పు, నేను చేస్త."

"ఎన్కకు రెండు నీలం సాకెట్లు ఉంటయ్ సార్. పైది బోర్డుది, పని చేయది. దానికి ప్లాస్టిక్ మూత పెట్టి ఉంచిన. కిందిది కార్డుది. బొమ్మ వచ్చేది దాంట్లకెళ్లే."

"పైదానికి మూత లేదు. హెడ్‌సెట్ వైరు దాంట్లనే ఉంది. కిందిదాంట్ల మానిటర్ ఉంది."

"అందుకే నల్లగుంది సార్! రెండు తోకల వైరొకటి ఉండాలె. దాని మొదలు కార్డుకు పెట్టి, ఒక తోకకు మానిటర్, ఇంకో తోకకు హెడ్‌సెట్ పెట్టాలె."

అందరూ లాలు వైపు చూశారు. లాలు బయటికి వెళ్లి, జీపులోంచి ఒక పాలిథిన్ కవరు తెచ్చి, అందులోంచి రెండు తోకల వైరు తీశాడు.

"అన్ని కలిపినంక ఇదొకటి మిగిలింది సార్. ఎక్కువొచ్చిందనుకున్న."

"పోర్టు చూడకుంట రిపోర్టు రాసిండ్రు" అన్నాడు తుల్సీరాం. వైరు బిగించాడు. మానిటర్ మీద బొమ్మ వచ్చింది. హెడ్‌సెట్ కళ్లకు పెట్టుకున్నాడు. నలుపు.

"ఇంక నల్లగనే ఉంది బావా?" రూప్‌సింగ్ గొంతులో ఆశ వినబడింది.

"స్క్రీన్ సెట్టింగుల రిఫ్రెష్ రేటు చూడుండ్రి సార్. సెకనుకు ఎన్నిసార్లు మెరవాలె అనే లెక్క అది. హెడ్‌సెట్‌కు అరవై దాటితే బొమ్మ రాదు."

"ఎనభై ఐదుంది."

"నేను అరవైయే పెట్టిన సార్."

లాలు గొంతు సవరించుకున్నాడు. "స్టేషన్‌ల ఆన్ చేసి చూస్తే స్క్రీను కొట్టుకున్నట్టుండె సార్. కండ్లు గుంజుతుంటే మా తమ్ముడు చెప్పిండని పెంచిన."

తుల్సీరాం తగ్గించాడు. హెడ్‌సెట్‌లో ఒక్కసారిగా నల్లటి గోడలు, పసుపు దీపాలు, దూరంగా పోతున్న పట్టాలు ప్రత్యక్షమయ్యాయి. తల కుడికి తిప్పాడు. సొరంగం తిరగలేదు.

"యూఎస్‌బీ వైరు ముందుకు పెట్టిండ్రా సార్? ముందుటివి ఉత్త బొక్కలు. లోపట వైరే లేదు. ఎన్కకు పెట్టుండ్రి. తల ఎటు తిరిగేది దానికి తెలిసేది ఆ వైరుతోనే."

వెనక్కి మార్చాడు. డ్రైవర్ దొరికిందని స్క్రీన్ మీద చిన్న అక్షరాలు కనబడ్డాయి. అదే సమయంలో జీపు డ్రైవర్ మాత్రం టీకి వెళ్లి దొరకలేదు. తుల్సీరాం తల తిప్పాడు. సొరంగం తిరిగింది.

"సూటిగ ఉంది" అన్నాడు. "ఇప్పుడు జారుతలేదు." తర్వాత లేచి కుర్చీ చూపించాడు. "బావా, నువ్వు కూసో."

"నాకెందుకు?"

"నల్లగ ఉందని సంతకం పెట్టింది నువ్వే కదా."

రూప్‌సింగ్ టోపీ తీసి టేబుల్ మీద పెట్టి, లాఠీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కేసు సంగతులు అతని తలకెక్కడానికి టైం పడుతుంది కానీ హెడ్‌సెట్ చప్పున ఎక్కింది. ట్రాలీ కదలగానే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"అరె! అరె బావా, ఉరుకుతుంది! గీ తలకాయెంత రాయి చూడు!" చెవుల్లో చప్పుడు ఉండడంతో అతని గొంతు రోడ్డు దాకా వినబడింది.

తుల్సీరాం లాలు చెవిలో ఏదో చెప్పాడు. లాలు జీపులోంచి జాకీ రాడ్ తెచ్చాడు. తుల్సీరాం కుర్చీ వెనక్కి వెళ్లి, రూప్‌సింగ్ మెడకు బెత్తెడు దూరంలో, వీపు మెత్త వెనక రాడ్‌ను నిలువుగా ఆనించాడు.

"ఏయ్, ఏంది గిది? పక్కకు పోతుంది! గోడకు గుద్దుతుంది!"

రాడ్ తీశాడు.

"ఆఁ... మల్ల సూటిగైంది. బావా, దీనికి తిక్కుంది!"

బెంచీ మీద ఎబినేజర్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తుల్సీరాం అతనికి సైగ చేసి, రూప్‌సింగ్ మోకాళ్లు రాసుకుంటూ లోపలి గదిలోకి వెళ్లాడు. శ్రీధర్ టేబుల్ మీది పేరుపలక తీసుకుని, అదే దారిలో తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ టేబుల్ మీది టోపీ తన నెత్తిన పెట్టుకున్నాడు. ఒళ్లోని లాఠీ కూడా మెల్లగా తీసుకున్నాడు.

పాఠం అయిపోయాక రూప్‌సింగ్ హెడ్‌సెట్ తీశాడు. ఎదురుగా తన టోపీ, తన లాఠీ, వాటి మధ్య బావమరిది, చేతిలో శ్రీధర్ పేరుపలక. అక్కడే ఉన్న లాలు గోడ మీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చదువుతున్నాడు.

"నేను లోపలికి పోయిన, బయటికొచ్చిన" అన్నాడు తుల్సీరాం. "నువ్వెవర్ని చూసినవ్ బావా?"

రూప్‌సింగ్ చేయి చాపాడు. "టోపీ ఇయ్యి" అన్నాడు.

"ఇస్త. ముందు ఇను. సూటి ఎటో ఈ హెడ్‌సెట్ దిక్సూచి లెక్కన కనిపెడ్తది. పక్కన ఇనుముంటే దాని లెక్క తప్పుతది. నెలరోజుల కింద సూటిగ ఉన్నది జారుడు మొదలుపెట్టింది. అంటే నెల కింద కుర్చీ దగ్గరికి ఇనుమొచ్చింది. ఆ రోజు పాఠం సగంల సూటిగైంది. అంటే ఎబినేజర్ కూసొని ఉండంగనే, అతని వీపు ఎన్కకెళ్లి ఎవడో ఆ ఇనుము తీసుకున్నడు. తీసుకుని లోపటికి పోయిండు. నువ్వు అడవంతా వెతికిస్తున్నది దానికోసమే."

"ఇనుము వీపు ఎన్క ఎట్లుంటది?"

తుల్సీరాం కుర్చీ మెత్తను వెనక్కి తిప్పాడు. కవరుకు పొడుగునా జిప్పు ఉంది. అది సగం తెరిచి ఉంది. లోపలి స్పాంజిలో మూరెడు పొడుగు గాడి, నెలరోజులు ఏదో బరువైనది నిలబడి చేసిన గుంట. గాడి వెంట తుప్పు మరక. అడుగున తెగిపోయిన పసుపుదారం ముక్క.

తుల్సీరాం ఆ దారం వైపు చాలాసేపు చూశాడు.

"ఇది ఎబినేజర్ ఇంటి పద్ధతి గాదు" అన్నాడు. "మన తండా ఇండ్లల్లది. ఈడ ఊడ్చేదెవరు?"

జమ్లిని పిలిపించారు. సెంటర్‌లో ఊడ్చి, టీ కాచే ఆయా. యాభై దాటిన మనిషి. కుడిచేయి మోచేతి దాకా కట్టుతో మెడకు వేలాడుతోంది. రెండు నెలల కింద మెట్ల మీద పడింది.

తుల్సీరాం ఆమెను కూర్చోమని, తండాలో తల్లిని పిలిచినట్టు పిలిచాడు. "యాడీ, కుర్చీల ఇనుము ఎందుకు పెట్టించినవ్?"

జమ్లి పోలీసుల వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చెడు కోరి పెట్టియ్యలే కొడుకా."

"నాకు తెల్సు."

"పిలగాండ్లు కండ్లకు ఆ నల్లడబ్బా కట్టుకుంటుండ్రి. లేని గోడలు పట్టుకుంటుండ్రి. వచ్చే వచ్చే అని కేకలేస్తుండ్రి. బయటికొచ్చి కక్కుతుండ్రి. అది గాలి గాకుంటే ఏంది మరి? బాలింత మంచం కింద కొడవలి పెడ్తం, ఉలిక్కిపడే పిల్ల తలకింద కత్తి పెడ్తం. గట్లనే తల దగ్గర ఇంత ఇనుముంటే మంచిదనుకున్న."

"పెట్టినంక తగ్గిందా?"

"యాడ తగ్గింది! ఇంకింత కక్కిండ్రు. ఇది పెద్ద గాలి, ఇనుము సాలలే అనుకున్న. ఇంకోటి తెప్పిద్దామనుకున్న."

లాలు నవ్వబోయి, తుల్సీరాం మొహం చూసి మానుకున్నాడు.

"ఎవరితోని తెప్పిద్దామనుకున్నవ్ యాడీ?"

జమ్లి కట్టు కట్టిన చేతిని కొంగుతో కప్పుకుంది.

"ఈ చేతితోని నీకు జిప్పు రాదు, అంత బరువు లేవది. నువ్వు పెట్టలేదు, పెట్టించినవ్. ఎవరు పెట్టిండ్రు?"

"కిషన్‌లాల్ సేటు" అంది జమ్లి. "ఇంట్ల ఇనుము పనికిరాదు, రాయి మీద పని చేసిన ఇనుము గావాలె అన్న. క్వారీకెళ్లి పొట్టి పలుగు తెచ్చిండు. నేను పసుపుదారం ఇచ్చిన, ఆయనే కట్టి లోపట పెట్టిండు. నవ్వుకుంటనే పెట్టిండు. ఎబినేజర్‌కు చెప్పకు, చర్చికి పోయేటోడు, తీసి పారేస్తడు అన్నడు."

"నువ్వు ఇంకెవరికన్న చెప్పినవా?"

జమ్లి ఆ ప్రశ్నకే నొచ్చుకున్నట్టు చూసింది. "చెప్తే దాని గుణం పోతది కొడుకా. ఎవరన్న చెప్తరా?"

రాళ్ల మీద దెబ్బలు తిన్న పలుగుకు కాలం గడిచేకొద్దీ అయస్కాంతపు గుణం పడుతుంది. జమ్లి కోరిన గుణం వేరు, దానికి ఉన్న గుణం వేరు. ఏమైనా ఆ పలుగు ఇప్పటికి పలికింది.

"అక్కడ ఇనుముందని తెల్సినోళ్లు ఇద్దరు" అన్నాడు తుల్సీరాం. "ఒకరికి చేయి లేవది. ఎబినేజర్, మీ కొట్లాట దేనికి?"

"కొట్లాట కాదు సార్, బతిలాడిన" అన్నాడు ఎబినేజర్. "కిషన్‌లాల్ సార్ క్వారీ మనుషులకు పాఠం చెప్పకుండనే నేర్పినట్టు సర్టిఫికెట్లు పోయినయ్. మొన్న వాళ్లల్ల ఒకాయన కాలు బండకింద పడి పోయింది. తనిఖీల ఇదంతా చెప్పి సెంటర్ మూసేస్తనన్నడు శ్రీధర్ సార్. చెప్పుండ్రి గని మూయకుండ్రి అని బతిలాడిన. ఇది గూడ సి.ఐ. సార్‌కు చెప్పిన."

రూప్‌సింగ్ కుర్చీలోంచి లేవలేదు. హెడ్‌సెట్ లేకుండానే అతని కళ్ల ముందు ఏదో పక్కకు జారుతున్నట్టుంది.

"బావా" అన్నాడు. "కిషన్‌లాల్... శ్రీధర్ దగ్గరున్నడు."

"కాపలా తీసేసినవ్."

"అవ్."

రూప్‌సింగ్ సెల్‌ఫోన్ తీశాడు. తుల్సీరాం అతని చేయి పట్టుకున్నాడు. "ఆయనకు చెయ్యకు. తెల్సిపోతది." తన ఫోన్‌లో స్తుతి నంబరు నొక్కి, స్పీకర్ ఆన్ చేసి టేబుల్ మీద పెట్టాడు. ఇల్లందు నుంచి ఖమ్మానికి జీపు ఎంత తొక్కినా గంట. అక్కడి పోలీసులకు విషయం అర్థమయ్యేలా చెప్పడానికి మరికొంతసేపు.

రెండో రింగుకే స్తుతి ఎత్తింది.

"అన్నా, నేనే చేద్దామనుకుంటున్న! శ్రీధర్ సార్ కండ్లు తెరిచిండు. ఇప్పుడే. పెదవులు కదిలిస్తుండు, ఏదో చెప్పాలని చూస్తుండు. మా అన్న మీద నింద పోతది కదా ఇంక?"

"పక్కన ఎవరున్నరమ్మా?"

"కిషన్‌లాల్ సార్. నన్ను బయటికి పంపిండు. కొట్టినోని చెల్లెవు, దగ్గరికి రావద్దు, డాక్టర్‌ను నేనే పిలుస్త అన్నడు. లోపట గడియ పెట్టుకున్నడు."

రూప్‌సింగ్ అప్పటికే లాలు వైపు తిరిగి ఖమ్మం కంట్రోల్ రూమ్ నంబరు అరుస్తున్నాడు. తుల్సీరాం గొంతు మాత్రం పెరగలేదు.

"స్తుతీ, నీ చేతిల ఏముంది?"

"ఆక్సిజన్ సిలిండర్ తిప్పే పాన."

"ఇనుపదేనా?"

"అవ్ అన్నా. ఎందుకు?"

"గడియ ఉన్న చోట తలుపు మీద కొట్టు. మనుషులను పిలుచుకుంట కొట్టు. తలుపు తెరిచేదాక ఆపకు. శ్రీధర్‌ను కొట్టింది లోపటున్నోడే."

అవతల రెండు అడుగుల చప్పుడు. తర్వాత చెక్క మీద ఇనుము దెబ్బ. "ఎవరన్న రాండ్రి!" అన్న కేక. రెండో దెబ్బ. పొడుగాటి వరండాలో అది మోగి తిరిగొచ్చింది. మరో గొంతు ఏదీ రాలేదు. మూడో దెబ్బకు లోపల ఏదో స్టాండు నేల మీద పడి దొర్లిన చప్పుడు.

ఎబినేజర్ బేడీలతోనే టేబుల్ దగ్గరికి వచ్చి ఫోన్ మీదికి వంగాడు.

దెబ్బలు ఆగాయి. తలుపు అవతలి నుంచి మగగొంతు, కంగారేమీ లేకుండా, పక్కింటి మనిషిని పలకరించినట్టు వినబడింది.

"కొట్టకు స్తుతమ్మా. తెరుస్తున్న. ఒక్కదానివే ఉన్నవా?"

"ఒక్కదాన్నే కాదని చెప్పు!" అని అరిచాడు ఎబినేజర్.

ఆ మాట ఖమ్మం చేరేలోగా గడియ తీసిన చప్పుడు ఇల్లందు చేరింది.